దుకాణం బాధ్యత, కంపెనీ వారంటీ: లోపమున్న వస్తువుకు ఎవరిని అడగాలి?

కొత్తగా కొన్న ఫ్రిజ్ వారం తిరగకముందే చల్లబడటం మానేస్తే, కొన్న కుటుంబం మొదట వెళ్లేది దానిని అమ్మిన దుకాణానికే. అమ్మడంతో తమ పని అయిపోయిందని, ఇక ఏ ఇబ్బంది వచ్చినా వారంటీ కార్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి కంపెనీతోనే మాట్లాడుకోవాలని అక్కడ తరచుగా జవాబు వస్తుంది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎంత మర్యాదగా చెప్పినా, మన దేశంలో అమలులో ఉన్న చట్టం ప్రకారం అది సరైన జవాబు కాదు. లోపమున్న వస్తువు విషయంలో దుకాణదారు బాధ్యత ఒకటి, తయారీదారు ఇచ్చిన వారంటీ మరొకటి. ఈ రెండూ వేర్వేరు చోట్ల పుట్టాయి, వేర్వేరు పరిహారాలు ఇస్తాయి, ఒకటి ఉన్నందువల్ల రెండవది రద్దు కాదు. ఏ సందర్భంలో దేనిని పట్టుకోవాలో నిర్ణయించుకునే హక్కు కొన్నవారిదే తప్ప అమ్మినవారిది కాదన్నదే ఈ ప్రసంగంలోని ముఖ్యాంశం.

దుకాణదారు బాధ్యత అమ్మకం నుంచే పుడుతుంది. డబ్బు పుచ్చుకున్నదీ బిల్లు రాసినదీ దుకాణమే కాబట్టి, కొనుగోలు ఒప్పందం కొన్నవారికీ దుకాణానికీ మధ్యనే ఏర్పడుతుంది. ఆ ఒప్పందంలో నాణ్యత గురించి ఒక్క అక్షరం రాయకపోయినా, కొన్ని హామీలు అందులో ఉన్నట్లే చట్టం భావిస్తుంది. వీటిని న్యాయశాస్త్రంలో అంతర్నిహిత షరతులు అంటారు, అంటే పైకి చెప్పకపోయినా ఒప్పందం లోపల ఇమిడి ఉన్న షరతులు అని అర్థం. వస్తువుల అమ్మకానికి సంబంధించిన నియమాలు మొదట 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒక అధ్యాయంగా ఉండేవి. ఇంగ్లండులో 1893లో వచ్చిన చట్టం నమూనాగా వాటిని విడదీసి, 1930లో వస్తు విక్రయ చట్టంగా రూపొందించారు. తొంభై ఏళ్లు దాటిన ఆ చట్టంలోని 16వ సెక్షనే నేటికీ ఏ ఊరి దుకాణంలో జరిగే అమ్మకానికైనా పునాది.

ఆ సెక్షన్‌లో రెండు హామీలు ఉన్నాయి. బోరు ఎన్ని అడుగుల లోతో, నీరు ఎంత ఎత్తుకు ఎక్కాలో చెప్పి, ఏ మోటారు సరిపోతుందో చూసి ఇమ్మని రైతు అడిగినప్పుడు, దుకాణదారు అనుభవం మీద నమ్మకంతో అతను చూపించిన మోటారునే కొన్నప్పుడు, అది ఆ అవసరానికి సరిపోవాలన్నది మొదటి హామీ. రైతు తానే ఫలానా కంపెనీ ఫలానా మోడల్ కావాలని పేరు పెట్టి కొంటే మాత్రం ఈ హామీ వర్తించదు. రెండవ హామీ ఇంకా విస్తృతమైనది. ఒక రకం వస్తువులు అమ్మే వ్యాపారి దగ్గర ఆ రకం వస్తువును కొన్నప్పుడు, అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలి, అంటే అటువంటి వస్తువు నుంచి ఎవరైనా సహజంగా ఆశించే పనిని అది చేయగలగాలి. చల్లబరచని ఫ్రిజ్, పప్పు రుబ్బని గ్రైండరు ఈ పరీక్షలో నిలవవు. కొనేముందు స్వయంగా పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో కంటికి కనిపించవలసిన లోపం గురించి తరువాత ఫిర్యాదు చేయలేరన్న మినహాయింపు ఉన్నమాట నిజమే. షోరూములో ప్రదర్శనకు ఉంచిన ఫ్రిజ్‌ను, తలుపు మీద సొట్ట చూసి ధర తగ్గించుకుని కొన్న కుటుంబం ఆ సొట్టను ఎత్తి చూపలేదు. లోపలి కంప్రెసరు పని చేయకపోతే మాత్రం నిస్సంకోచంగా అడగవచ్చు.

తయారీదారు వారంటీ ఈ చట్టం నుంచి పుట్టినది కాదు. అది కంపెనీ తనంతట తాను ఇచ్చే వాగ్దానం. దాని గడువు ఎంతో, ఏ భాగానికి వర్తిస్తుందో, ఏ సందర్భంలో వర్తించదో కంపెనీయే రాసుకుంటుంది. ఫ్రిజ్ మొత్తానికి ఒక సంవత్సరం, కంప్రెసరుకు మాత్రం పదేళ్లు అని ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేస్తారు. కార్డు తెరిచి చదివితే గ్యాస్ నింపడం, సాంకేతిక నిపుణుడు ఇంటికి రావడానికి రుసుము, ప్లాస్టిక్ భాగాలు, గాజు అరలు ఆ పదేళ్ల హామీలోకి రావని ఉండవచ్చు. విద్యుత్తు హెచ్చుతగ్గుల వల్ల పాడైతే, బయటి మెకానిక్‌తో విప్పిస్తే వారంటీ చెల్లదన్న నిబంధన చాలా కార్డుల మీద ఉంటుంది. కంపెనీ తన ఇష్టం మీద ఇచ్చిన వాగ్దానానికి తగిన హద్దులు పెట్టుకోవడాన్ని తప్పుపట్టలేము. ఆ హద్దులు దుకాణదారు బాధ్యతకు కూడా హద్దులేనని కొనుగోలుదారును నమ్మించడమే తప్పు. అప్పుకు మరొకరు పూచీ ఉన్నంత మాత్రాన అప్పు తీసుకున్నవాడి బాధ్యత తీరిపోనట్లే, వెనుక కంపెనీ వారంటీ ఉన్నంత మాత్రాన అమ్మినవాడి బాధ్యత తీరిపోదు. దుకాణం బాధ్యత చట్టం విధించినది, వారంటీ కంపెనీ అదనంగా ఇచ్చినది అన్న తేడాను శ్రోతలు గుర్తుంచుకుంటే మిగతా విషయమంతా సులువుగా బోధపడుతుంది.

ఇక ఎంపిక విషయం. కొన్న తొలి రోజుల్లోనే లోపం బయటపడితే, సాధారణంగా దుకాణాన్ని పట్టుకోవడమే మేలు. దానికి కారణం చట్టంలోనే ఉంది. 16వ సెక్షన్‌లోని హామీలు షరతుల తరగతికి చెందినవి, షరతు అంటే ఒప్పందానికి ఆయువుపట్టు అయిన మాట. షరతు తప్పితే కొన్నవారు వస్తువును తిరస్కరించి సొమ్ము వాపసు కోరవచ్చు. అయితే ఈ తిరస్కరణ హక్కు కలకాలం ఉండదు. సహేతుకమైన సమయం గడిచినా తిరస్కరిస్తున్నట్లు తెలియజేయకుండా వస్తువును తమ దగ్గరే ఉంచుకుంటే, దానిని అంగీకరించినట్లే చట్టం లెక్కిస్తుంది. అంగీకరించిన తరువాత ఈ చట్టం కింద నష్టపరిహారం అడగవచ్చు గాని వస్తువును తిప్పికొట్టే హక్కు ఉండదు. సహేతుకమైన సమయం అంటే ఎన్ని రోజులో వస్తు విక్రయ చట్టం చెప్పలేదు. వస్తువును బట్టి, పరిస్థితిని బట్టి న్యాయస్థానం నిర్ణయిస్తుంది. కాబట్టి తొలి రోజులు చాలా విలువైనవి.

ఆ విలువైన రోజులు ఎలా చేజారిపోతాయో ఫ్రిజ్ విషయంలోనే చూడవచ్చు. దుకాణదారు మాట విని ఆ కుటుంబం టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తుంది. నాలుగు రోజులకు సర్వీస్ సెంటర్ నుంచి మనిషి వచ్చి, గ్యాస్ తగ్గిందని చెప్పి నింపి, జాబ్ షీటు మీద సంతకం పెట్టించుకుని వెళతాడు. ఆ కాగితం మీద సమస్య పరిష్కారమైందన్న గడిలో టిక్కు పెట్టి ఉంటుంది. ఇరవై రోజులకు మళ్లీ అదే తంతు, ఈసారి లీకేజీ అని వెల్డింగ్ చేస్తాడు. మూడోసారి కంప్రెసరు మార్చాలని, విడిభాగం హైదరాబాదు నుంచి రావాలని అంటాడు. ఇలా వేసవి గడిచిపోతుంది. అప్పుడు దుకాణానికి వెళ్లి సొమ్ము వాపసు అడిగితే, మూడు నెలలు వాడుకున్న వస్తువును ఎలా తీసుకుంటామన్న ఎదురు ప్రశ్న వస్తుంది. వారంటీ కింద మరమ్మతు చేయించుకోవడంలో తప్పేమీ లేదు. దుకాణానికి ఒక్క ముక్క రాసి ఇవ్వకుండా మరమ్మతుల వెంట నడవడమే నష్టం.

ఆ ఒక్క ముక్క రాయడం పెద్ద పనేమీ కాదు. బిల్లు నంబరు, తేదీ, మోడల్, సీరియల్ నంబరు, లోపం ఏ రోజు ఎలా కనిపించిందో చెప్పి, ఈ వస్తువును తిరస్కరిస్తున్నామని, మార్చి కొత్తది గాని సొమ్ము గాని ఇవ్వవలసిందని తెల్ల కాగితం మీద రాసి దుకాణంలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయడానికి నిరాకరిస్తే స్పీడ్ పోస్టులో పంపవచ్చు, దుకాణం ఈమెయిల్‌కు కూడా పంపి ఉంచుకోవచ్చు. ఇక్కడ చాలామందికి తెలియని సౌకర్యం ఒకటి చట్టంలో ఉంది. న్యాయంగా తిరస్కరించిన వస్తువును కొన్నవారు మోసుకెళ్లి అప్పగించనవసరం లేదు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే తిరస్కరిస్తున్నట్లు తెలియజేస్తే సరిపోతుందని 43వ సెక్షన్ చెబుతుంది. మూడో అంతస్తు నుంచి ఫ్రిజ్ దింపించి ఆటో ట్రాలీ మాట్లాడుకోవలసిన భారం ఆ కుటుంబానిది కాదు.

1930 చట్టానికి తోడుగా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టం మరో మెట్టు ముందుకు వెళ్లింది. బిల్లులో రాసిన గడువులోగా, అటువంటి గడువు ఏదీ రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార విధానంగా పేర్కొంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార విధానమే. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని గల్లాపెట్టె వెనుక గోడ మీద బోర్డు వేలాడుతున్నా, బిల్లు అడుగున అదే మాట అచ్చు వేసి ఉన్నా, లోపమున్న వస్తువు విషయంలో అది దుకాణాన్ని కాపాడలేదు. రంగు నచ్చలేదని, ఇంట్లో పట్టలేదని తెచ్చిన వస్తువు సంగతి వేరు. అక్కడ దుకాణదారు కాదనవచ్చు. ఆన్‌లైన్ కొనుగోళ్లకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. లోపమున్న వస్తువును, నకిలీ వస్తువును, ప్రకటనలో చెప్పిన గుణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి విక్రేత నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి.

బ్రిటన్‌లో 2015లో వచ్చిన వినియోగదారుల హక్కుల చట్టం ఈ విషయాన్ని ఇంకా తేటగా తేల్చింది. అక్కడ లోపమున్న వస్తువును మొదటి 30 రోజుల్లో తిరస్కరించి పూర్తి సొమ్ము పొందవచ్చు. ఆ తరువాత, కొన్న నాటి నుంచి ఆరు నెలలలోపు లోపం బయటపడి, కొన్నవారు మరమ్మతు గాని మార్పిడి గాని సొమ్ము గాని కోరితే, అది అమ్మిననాడే ఉందని భావిస్తారు, లేదని రుజువు చేయవలసిన భారం దుకాణం మీద పడుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కంపెనీ గ్యారంటీ కోసం వెదకడానికి ముందు దుకాణాన్నే అడగవలసింది ఇందువల్లనే. మన చట్టంలోనూ ఆరు నెలల వరకు రుజువు భారం దుకాణం మీద ఉంచే నియమం వస్తే, గ్యాస్ నింపుతూ కాలం గడిపే అలవాటు చాలా మేరకు తగ్గుతుంది.

దుకాణమే ఎప్పుడూ మేలని దీని అర్థం కాదు. ఎనిమిది నెలలు చక్కగా పని చేసిన తరువాత వాషింగ్ మెషీన్ మోటారు ఆగిపోతే, ఆ లోపం అమ్మిననాడే ఉందని దుకాణం మీద రుజువు చేయడం కష్టం. వారంటీకి ఆ రుజువు అక్కరలేదు, గడువు లోపల పాడైందని చూపితే చాలు. కొన్న ఊరు ఒకటై ఇప్పుడు ఉంటున్న ఊరు మరొకటైనప్పుడు, దుకాణం మూతపడినప్పుడు, ఖరీదైన ఒక్క భాగమే చెడిపోయినప్పుడు కంపెనీ వారంటీయే అక్కరకు వస్తుంది. కాని వారంటీ ఇచ్చేది కార్డు మీద రాసినంత వరకే. మారుతి ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. వారంటీ నిబంధన ప్రకారం లోపమున్న భాగాన్ని బాగు చేయడం లేదా మార్చడం వరకే తయారీదారు బాధ్యత ఉన్నప్పుడు, వాహనం మొత్తాన్ని మార్చి ఇమ్మని ఆదేశించడం తగదని పేర్కొంటూ, కొనుగోలుదారుకు 50,000 రూపాయలు చెల్లించాలని నిర్ణయించింది. వస్తువు మొత్తం మార్పిడి కావాలా, ఒక భాగం బాగైతే చాలా అన్న ప్రశ్నను ముందుగా వేసుకోవలసిన అవసరాన్ని ఆ తీర్పు గుర్తుచేస్తుంది. భాగం చాలనుకుంటే వారంటీ, వస్తువే వద్దనుకుంటే దుకాణం.

దీనికి మరో వైపు కూడా ఉంది. కొన్ని తప్పులు పూర్తిగా దుకాణానివే, వాటికి కంపెనీని పట్టుకుంటే ఫలితం ఉండదు. గోవాలో ఒక డీలరు 2011లో, కొత్త కారు అని చెప్పి, రెండేళ్ల క్రితం తయారై అప్పటికే నడిచిన కారును అంటగట్టిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డీలరు, తయారీదారు మధ్య ఉన్నది యజమాని, ఏజెంటు సంబంధం కాదని, ఎవరి వ్యాపారం వారు చేసుకునే సంబంధమని, తయారీదారుకు ఆ మోసం తెలిసినట్లు గాని అందులో పాత్ర ఉన్నట్లు గాని రుజువు లేనప్పుడు ఆ సంస్థను బాధ్యురాలిని చేయలేమని 2021లో న్యాయస్థానం టాటా మోటార్స్‌ను తప్పించి, డీలరు బాధ్యతను మాత్రం నిలిపింది. పాత సరుకు, వాడిన సరుకు, పెట్టె విప్పి మళ్లీ అతికించిన సరుకు అంటగట్టిన సందర్భాల్లో అడగవలసింది దుకాణాన్నే.

వస్తువు వల్ల మనిషికి గాయమైనా, ఇంట్లో మరో ఆస్తి కాలిపోయినా అది వేరే అధ్యాయం. దానిని 2019 చట్టం ఉత్పత్తి బాధ్యత అంటుంది, ఆ భారం ప్రధానంగా తయారీదారు మీద ఉంటుంది. తయారీదారు ఎవరో తెలియనప్పుడు, తెలిసినా నోటీసు అందించడం సాధ్యం కానప్పుడు, కంపెనీ హామీకి భిన్నంగా దుకాణదారు తానే హామీ ఇచ్చినప్పుడు, వస్తువును అతను మార్పు చేసి, ఆ మార్పే హానికి ముఖ్య కారణమైనప్పుడు ఆ బాధ్యత దుకాణదారు మీదికి కూడా వస్తుంది. కంపెనీ పేరు, చిరునామా లేని ఛార్జరును చవకగా అమ్మే దుకాణదారు ఈ సంగతి తెలుసుకుని అమ్మడం మంచిది.

మాటలతో పని జరగనప్పుడు ఎంపిక సులువవుతుంది, ఎందుకంటే అప్పుడు ఇద్దరిలో ఒకరినే ఎంచుకోవలసిన పని లేదు. వినియోగదారుల చట్టంలో వ్యాపారి అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అమ్మినవారు, పంపిణీ చేసినవారితో పాటు తయారీదారు కూడా ఉన్నారు. దుకాణాన్ని, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఒకే ఫిర్యాదు వేయవచ్చు, ఎవరి బాధ్యత ఎంతో వినియోగదారుల కమిషన్ తేలుస్తుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే, చాలా తగాదాలు అక్కడే రాజీకి వస్తాయి. రానప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న వ్యవహారాలన్నీ జిల్లా కమిషన్ పరిధిలోవే. ధర 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. దుకాణం ఎక్కడ ఉన్నా, కొన్నవారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చన్నది 2019 చట్టం తెచ్చిన గొప్ప మేలు. 2025లో ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసే వీలు కూడా ఉంది. లోపం రుజువైతే దానిని సరిచేయమని గాని, కొత్త వస్తువు ఇవ్వమని గాని, సొమ్ము తిరిగి చెల్లించమని గాని, వీటికి తోడు నష్టపరిహారం ఇవ్వమని గాని కమిషన్ ఆదేశించగలదు.

ఈ చట్టం వ్యాపార అవసరానికి కొన్నవారికి వర్తించదు. అయితే బతుకుతెరువు కోసం తానే నడుపుకునే చిన్న టిఫిన్ సెంటరుకు గ్రైండరు కొన్న వ్యక్తి వినియోగదారే. స్వయం ఉపాధి కోసం కొన్న వస్తువును వ్యాపార అవసరం కింద లెక్కించరాదని చట్టమే చెబుతుంది. పెద్ద హోటలుకు ఈ దారి లేకపోయినా 1930 చట్టం కింద సివిల్ కోర్టు దారి తెరిచే ఉంటుంది.

రుజువు విషయంలో కొందరు వెనకడుగు వేస్తారు. లోపం ఉందో లేదో పరీక్ష లేకుండా తేలని పక్షంలో కమిషన్ వస్తువును తగిన ప్రయోగశాలకు పంపుతుంది. పరీక్షకు వస్తువే మిగలకపోతే ఏమిటన్న సందేహానికి జవాబు తెలుగు నేల మీది రైతుల కేసులోనే దొరికింది. ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాల వల్ల నష్టపోయి జాతీయ విత్తన సంస్థ మీద ఫిర్యాదు చేసినప్పుడు, 2012లో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారేనని, విత్తనాల చట్టం వేరుగా ఉన్నంత మాత్రాన ఈ దారి మూసుకుపోదని చెప్పింది. కొన్న విత్తనమంతా చేలో చల్లుకునే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచుతాడని ఆశించలేమని, ఆ నమూనా లేదన్న కారణం సంస్థకు రక్షణ కాదని కూడా ఆ తీర్పు తేల్చింది. మొలకెత్తని చేనును పరిశీలించిన వ్యవసాయాధికారి నివేదిక ఇటువంటి వ్యవహారాల్లో సాక్ష్యంగా నిలుస్తుంది.

ఫ్రిజ్ కొన్న కుటుంబానికి ఆ నివేదిక స్థానంలో ఉన్నవి జాబ్ షీట్లే. సర్వీస్ మనిషి వచ్చిన ప్రతిసారీ దాని నకలు అడిగి తీసుకోవాలి, సమస్య తీరకపోతే పరిష్కారమైందన్న గడి కింద సంతకం చేయకుండా, తీరలేదని తమ చేత్తో రాసి సంతకం చేయాలి. ఫిర్యాదు వేయడానికి గడువు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు గాని, అది కమిషన్ విచక్షణ మీద ఆధారపడినది. సర్వీస్ సెంటర్‌కు చేసిన ఫోన్లు ఆ గడువును ఆపుతాయన్న భరోసా ఏమీ లేదు కాబట్టి, రెండోసారి అదే లోపం తిరిగి వచ్చిన రోజునే దుకాణానికి, కంపెనీకి ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపి, జవాబుకు పదిహేను రోజులు గడువిచ్చి, ఆ గడువు దాటగానే ఫిర్యాదు కాగితాలు సిద్ధం చేసుకోవడం మంచిది.